సీనియర్ బ్యాక్‌ఎండ్ ఇంజనీర్ పనిని ఎక్కడ చూడాలి?

ఇంటర్ ఫలితాలు విడుదలయ్యే రోజు రాష్ట్రమంతా ఒకే నిమిషంలో ఒకే బటన్ నొక్కుతుంది. కర్నూలు నెట్ సెంటర్లో, కడపలో ఇంటి అరుగు మీద, అనంతపురం హాస్టల్ గదిలో పిల్లలు హాల్ టికెట్ నంబర్ కొట్టి ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. పేజీ తెరుచుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. తెరుచుకోకపోతే మాత్రం 'సర్వర్ డౌన్' అని తిట్టుకుంటారు. ఆ సర్వర్ వెనక పనిచేసే బ్యాక్‌ఎండ్ ఇంజనీర్‌కి ఉన్న చిక్కంతా ఇదే. పని బాగున్నంతకాలం అది ఎవరి కంటా పడదు.

ఫలితాల సైటునే తీసుకుందాం. కొత్తగా చేరినవాళ్లకు తట్టే మొదటి ఉపాయం ఇంకా పెద్ద సర్వర్ పెట్టడం. పదేళ్లు ఈ పనిలో నలిగినవాళ్లు ముందు ఒక ప్రశ్న వేస్తారు: విడుదలయ్యాక మార్కులు మారతాయా? ఆ రోజుకు మారవు. రీవెరిఫికేషన్ సంగతి తర్వాత. మారని సమాచారం కోసం లక్షల మంది తరఫున డేటాబేస్‌ను మళ్లీ మళ్లీ అడగడం దేనికి? ఒక్కో హాల్ టికెట్‌కు జవాబు ముందే తయారుచేసి, చిన్న చిన్న ఫైళ్లుగా క్యాష్ సర్వర్లలో (తయారైన జవాబులను దాచి వెంటనే ఇచ్చేవి) పెట్టేస్తే డేటాబేస్ జోలికే పోనక్కర్లేదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. క్యాష్‌లో పెట్టినవాటికి ఒకేసారి గడువు తీరిందంటే, సరిగ్గా ఆ క్షణంలో జనమంతా కట్టగట్టుకుని డేటాబేస్ మీద పడతారు. అందుకే గడువులను కొంచెం అటూ ఇటూగా చెదరగొడతారు. ఈ జాగ్రత్త చాలామందికి ఒకసారి దెబ్బ తిన్నాకే అలవాటవుతుంది.

డబ్బు వ్యవహారాల్లో ఇది ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. కరెంటు బిల్లు కట్టడానికి బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. ముప్పై సెకన్లు ఆగి మళ్లీ నొక్కాం. మొదటిది వెళ్లిందా, వెళ్లలేదా? సర్వర్‌కు కూడా వెంటనే తెలియదు. జవాబు రాకపోవడమంటే పని జరగలేదని అర్థం చేసుకోవడానికి వీల్లేదు, పని జరిగి జవాబు దారిలో పోయి ఉండొచ్చు. అందుకే ప్రతి చెల్లింపుకు ముందే ఒక ప్రత్యేక సంఖ్య కేటాయిస్తారు. అదే సంఖ్యతో పది సార్లు అడిగినా సర్వర్ డబ్బు ఒకసారే తీసుకోవాలి, మిగతా తొమ్మిది సార్లు పాత జవాబే తిరిగి చెప్పాలి. వినడానికి సులువే. ఒకే సంఖ్యతో రెండు అభ్యర్థనలు ఒకే మిల్లీసెకనులో రెండు వేర్వేరు మెషిన్లకు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది తేల్చడానికే సీనియర్లు కావాలి. డేటాబేస్‌లో ఆ కాలమ్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెట్టి, ఎవరు ముందో తేల్చే పని దానికి అప్పగించడం ఒక నమ్మకమైన దారి. అప్లికేషన్ కోడ్‌లో 'ముందు ఉందేమో చూసి, లేకపోతే రాయి' అని రాస్తే, చూడటానికీ రాయడానికీ మధ్య సందులో రెండోది దూరిపోతుంది.

ఇంత ఆలోచన చేసిన మనిషి రెజ్యూమెలో ఏం రాసుకుంటారు? 'పేమెంట్స్ మైక్రోసర్వీసుల మీద పనిచేశాను. స్ప్రింగ్ బూట్, కాఫ్కా, రెడిస్.' పక్క సీటులో కూర్చుని ఆ కోడ్‌లో బటన్ పేర్లు మార్చినవాళ్లూ అక్షరం పొల్లుపోకుండా అదే రాసుకుంటారు. కంపెనీ కోడ్ బయటికి చూపించడానికి వీల్లేదు. రిజైన్ చేసి, తొంభై రోజుల నోటీసు పీరియడ్ ముగిసి, లాప్‌టాప్ అప్పగించాక ఆ ఎనిమిదేళ్ల ఆలోచన అక్కడే ఉండిపోతుంది. ఎవరైనా చదివి, మార్చి, వాడుకునేలా కోడ్‌ను బయటపెట్టే ఓపెన్ సోర్స్‌కు బ్యాక్‌ఎండ్ వృత్తిలో ఉన్న విలువ ఇక్కడ మొదలవుతుంది. ఏ మార్పు ఎందుకు చేశారు, ఎవరు అడ్డుచెప్పారు, ఏం వాదించారు, చివరికి ఏది ఒప్పుకున్నారు అన్నదంతా పేరుతో, తేదీతో అందరి కళ్లముందూ మిగిలే చోటు దాదాపు అదొక్కటే.

రాయలసీమలో ఇంజనీరింగ్ చదువు నిన్నమొన్నటిది కాదు. ఇప్పటి జేఎన్‌టీయూ అనంతపురం కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురం వచ్చింది, 2008లో విశ్వవిద్యాలయం అయింది. కర్నూలులో పుల్లారెడ్డి కాలేజీ, కడపలో కేఎస్‌ఆర్‌ఎం ఎప్పటినుంచో ఉన్నాయి. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, 2015లో కర్నూలులో కేంద్రం పెట్టిన ట్రిపుల్ ఐటీ డీఎం వచ్చాయి. చదువు ఇక్కడ ఉన్నా కొలువులు మాత్రం 44వ జాతీయ రహదారికి అటు హైదరాబాద్‌లో, ఇటు బెంగళూరులో ఉన్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టును ప్రాజెక్టు సెంటర్లో డబ్బిచ్చి కొనుక్కోవడం, తర్వాత అమీర్‌పేటలో ఒక కోర్సు, ఆపైన ఏదో ఒక సర్వీస్ కంపెనీ. చాలామంది దారి ఇదే, ఇందులో దాచిపెట్టాల్సిందేమీ లేదు. ఆ దారిలో అసలు దొరకనిది ఒకటుంది. మన కోడ్‌ను మనకంటే బాగా తెలిసినవాళ్లు వరుసవారీగా చదివి 'ఇది ఎందుకిలా?' అని అడగడం. కొన్న ప్రాజెక్టుకు ఆ ప్రశ్న ఎదురుకాదు. మొదటి ఉద్యోగం సపోర్ట్ ప్రాజెక్టైతే అక్కడా ఎదురుకాకపోవచ్చు.

ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఇంకో ఒత్తిడి మొదలవుతుంది. పండక్కి ఊరెళితే బంధువులు అడిగే మొదటి ప్రశ్న 'నీ కింద ఎంతమంది పనిచేస్తున్నారు?' అని. సర్వీస్ కంపెనీల్లో హైక్ కూడా ఎక్కువగా ఆ లెక్క మీదే నడుస్తుంది. కోడ్ రాయడం ఇష్టమైనవాళ్లు కూడా లీడ్ అయి, మేనేజర్ అయి, ఎక్సెల్ షీట్లలోకి జారిపోతారు. ప్రొడక్ట్ కంపెనీల్లో స్టాఫ్ ఇంజనీర్, ప్రిన్సిపల్ ఇంజనీర్ అని ఇంకో నిచ్చెన ఉంది. మనుషుల్ని చూసుకునే పని లేకుండానే దాన్ని ఎక్కొచ్చు. అయితే ఆ మెట్ల దగ్గర అడిగే ప్రశ్న వేరు: మీ టీమ్ దాటి మీ నిర్ణయాలు ఎవరికి ఉపయోగపడ్డాయి? ఈ ప్రశ్నకు కంపెనీ లోపలి పనితో జవాబు చెప్పడం కష్టం. పది కంపెనీలు వాడుతున్న లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) చేసిన చిన్న మార్పుతో చెప్పడం చాలా తేలిక.

ఇదంతా తెలిసే కాబోలు, ఈమధ్య కాలేజీల్లో, యూట్యూబ్ పాఠాల్లో 'ఓపెన్ సోర్స్ చేయండి, ఉద్యోగం వస్తుంది' అని గట్టిగా ఊదరగొడుతున్నారు. సలహా మంచిదే, వరుసే తలకిందులైంది. 2020 అక్టోబరులో జరిగింది గుర్తుచేసుకుంటే చాలు. హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో ఈ మార్పు చేర్చుకోండన్న అభ్యర్థనలు) పంపితే టీషర్టు ఇస్తామన్నారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో 'అద్భుతమైన ప్రాజెక్ట్' లాంటి రెండు మాటలు చేర్చి పంపే వాళ్లతో ప్రపంచంలోని మెయింటైనర్ల (ప్రాజెక్టులను చూసుకునేవాళ్ల) ఇన్‌బాక్సులు నిండిపోయాయి. వాటిలో మన దేశం నుంచి వెళ్లినవి తక్కువేం కాదు. చివరికి నిర్వాహకులు నిబంధన మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఒక్క టీషర్టు కోసం ఇంత గొడవ. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటు ప్రొఫైల్లో, ఏ రోజు పనిచేశారో చూపే పచ్చ గళ్లు నింపుకోవడానికి చేసే పని కూడా ఈ కోవలోదే. ఆ గళ్లను చూసి సీనియర్ ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఉంటే దాన్నే అనుమానించాలి.

నిజమైన కాంట్రిబ్యూషన్ ఎలా పుడుతుందో దగ్గరగా చూడటం మేలు. రాత్రి రెండు గంటలకు ఆన్‌కాల్ ఫోన్ మోగుతుంది. సర్వీస్ స్పందించడం లేదు. సీపీయూ ఖాళీగానే ఉంది, మెమరీ బాగానే ఉంది, అభ్యర్థనలు మాత్రం కదలడం లేదు. లాగులు (సర్వర్ రాసుకునే రికార్డులు) తవ్వితే డేటాబేస్ కనెక్షన్ పూల్ (ముందే తెరిచి పంచుకునే కనెక్షన్ల గుంపు) మొత్తం వాడకంలో ఉన్నట్టు తెలుస్తుంది. అప్పటికి రీస్టార్ట్ చేసి పడుకుంటారు. తొంభై శాతం కథలు అక్కడితో ముగుస్తాయి. మర్నాడు ఒకరు మాత్రం వదలరు. తీసుకున్న కనెక్షన్లు ఎందుకు తిరిగి రాలేదు? వెతగ్గా వెతగ్గా, సరిగ్గా టైమౌట్ అయ్యే సమయంలో నెట్‌వర్క్ తెగితే, కంపెనీ వాడుతున్న లైబ్రరీ ఆ కనెక్షన్‌ను మూయకుండా మరిచిపోతోందని బయటపడుతుంది. లోపం ముప్పై వరుసల ఫంక్షన్లో ఉంది. సవరణ రెండు వరుసలు.

అసలు పని ఈ రెండు వరుసల తర్వాతే. కంపెనీ కోడ్ ఏమీ బయటపడకుండా, ఆ లోపాన్ని ఎవరి మెషిన్లోనైనా రప్పించగల చిన్న ప్రోగ్రాం రాయాలి. ఇప్పుడు ఫెయిలై, సవరణ తర్వాత పాసయ్యే టెస్ట్ రాయాలి. పాత వెర్షన్ వాడుతున్నవాళ్లకు ఈ మార్పు వల్ల ఏదైనా తెగిపోతుందా అన్నదానికి జవాబు సిద్ధం చేసుకోవాలి. మెయింటైనర్ మూడు వారాల తర్వాత వచ్చి 'ఈ తాళం ఇక్కడ పట్టుకుంటే వేరే థ్రెడ్ ఆగిపోదా?' అని అడుగుతారు. నిజమే, ఆగిపోతుంది. మళ్లీ రాస్తారు. చివరికి అసలు కోడ్‌లో మెర్జ్ అయినప్పుడు బయటికి కనిపించేది రెండు వరుసలు, ఒక టెస్ట్. కింద ఉన్న చర్చను చదివితే మాత్రం మనిషి ఎంత లోతుగా ఆలోచిస్తారో అరగంటలో తెలిసిపోతుంది. ఇలాంటి చర్చ ఒక్కటి చాలు, ఐదు రౌండ్ల ఇంటర్వ్యూ చెప్పలేనిది చెబుతుంది.

మన పిల్లలు ఈ చర్చలోకి దిగేటప్పుడు ఒక అలవాటు అడ్డొస్తుంది. 'సార్, ఈ ఇష్యూ నాకు అసైన్ చేయండి' అని అడిగి, జవాబు కోసం కూర్చోవడం. క్లాసులో చెయ్యెత్తి అనుమతి తీసుకున్న పద్నాలుగేళ్ల శిక్షణ అది. చాలా ప్రాజెక్టుల్లో ఎవరూ ఎవరికీ అసైన్ చేయరు, చేసి చూపించినవాళ్లదే పని. అడ్డు ఇలా ఉంటే అనుకూలం ఇంకోవైపు ఉంది. ఇక్కడ మాట్లాడేదంతా రాతలోనే. తెలుగు మీడియంలో చదివి, మీటింగుల్లో ఇంగ్లిషు మాట్లాడాలంటే టెన్షన్ పడే ఇంజనీర్‌కు నెమ్మదిగా ఆలోచించి, నాలుగు వాక్యాలు సూటిగా రాసే వీలుంటుంది. యాస ఎవరికీ వినపడదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టులో ఇంకో మంచి సంప్రదాయం ఉంది. ప్యాచ్ (కోడ్ సవరణ) పంపేవాళ్లు సుమారు అంతే కష్టమున్న మరొకరి ప్యాచ్‌ను రివ్యూ చేయాలని అక్కడ ఆశిస్తారు. కొత్తవాళ్లు సవరణలు పంపడం కంటే ముందు ఇతరుల సవరణలను నడిపి చూసి, 'ఈ సందర్భంలో ఇది తప్పుతోంది' అని చెప్పగలిగితే గౌరవం తొందరగా దక్కుతుంది. ఈ మాట ఎవరూ యూట్యూబ్‌లో చెప్పరు, ఎందుకంటే రివ్యూకు పచ్చ గళ్ల హంగామా అంతగా ఉండదు.

బ్యాక్‌ఎండ్ అనుభవం అంటే ఏమిటో చూపడానికి 2024 మార్చి నాటి ఎక్స్‌జడ్ ఉదంతాన్ని మించింది లేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ కోడ్‌లో మార్పులు చేర్చే హక్కున్న కమిటర్లలో ఒకరు, మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి. డేటాబేస్ వేగం కొలిచే పనిలో ఉండగా తన మెషిన్లో, దూరం నుంచి లోపలికి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు పట్టే సమయం సుమారు 0.3 సెకన్ల నుంచి 0.8 సెకన్లకు పెరిగినట్టు గమనించారు. తప్పుడు యూజర్‌నేమ్‌తో విఫలమయ్యే లాగిన్లకు కూడా సీపీయూ అంత ఎక్కువగా ఖర్చు కావడం ఆయనకు వింతగా తోచింది. అరసెకను తేడాను ఇంకొకరైతే నెట్‌వర్క్ మీదకు నెట్టేసి ఊరుకునేవారు. ఆయన దాని వెంటపడి, ఫైళ్లను కుదించడానికి వాడే ఎక్స్‌జడ్ అనే చిన్న లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని తేల్చి, మార్చి 29న లోకానికి చెప్పారు. అప్పటికి అది చాలా లినక్స్ పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు. చేరి ఉంటే లెక్కలేనన్ని సర్వర్ల తాళంచెవి ఒకరి చేతిలో ఉండేది.

ఈ కథలో రెండో సగం ఇంకా ముఖ్యం. ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి ఖాళీ సమయంలో చూసుకున్నది లాసె కాలిన్ ఒక్కరే. ఆరోగ్యం, అలసట వల్ల పని నెమ్మదించినప్పుడు, కొన్ని గుర్తుతెలియని ఖాతాల నుంచి 'ఇంకొకరికి అప్పగించొచ్చు కదా' అని ఒత్తిడి వచ్చింది. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు పంపి, నమ్మకం సంపాదించి, సహ మెయింటైనర్ అయి, ఆ తర్వాత దొంగదారి పెట్టారు. అంటే కాంట్రిబ్యూషన్ల చరిత్ర చూసి నమ్మడంలో కూడా ప్రమాదం ఉంది. మరి దేన్ని నమ్మాలి? ఫ్రాయిండ్ పేరు కొన్నేళ్లుగా తెలిసినదే, కానీ ఆ రోజు ఆయన చెప్పింది జనం నమ్మింది పేరు చూసి మాత్రమే కాదు. కొలతలు ఇచ్చారు, దారి చూపించారు, ఎవరి మెషిన్లో వాళ్లు సరిచూసుకోగలిగారు.

రాసినదాన్ని నిలబెట్టే పని రాసే పనికంటే ఖరీదైనదని రాయలసీమకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. సుంకేసుల నుంచి కడప దాకా కేసీ కాలువను 1860లలో తవ్వించిన ఇంగ్లిషు కంపెనీ నష్టాల్లో మునిగితే, 1882లో ప్రభుత్వం దాన్ని కొనాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయకట్టు రైతుకు కావలసింది కొత్త కాలువ కాదు, ఉన్నదానికి పూడిక తీసి తూములు బాగుచేసేవాళ్లు. సాఫ్ట్‌వేర్‌లో ఆ పూడిక తీసేవాళ్లే మెయింటైనర్లు, వాళ్లలో చాలామందికి జీతం లేదు. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు లాగులు రాసుకోవడానికి వాడే లాగ్4జే లైబ్రరీలో లోపం బయటపడి ప్రపంచంలోని పెద్ద కంపెనీలన్నీ గడగడలాడినప్పుడు, దాన్ని సరిచేయడానికి రాత్రింబవళ్లు కూర్చున్నది కొద్దిమంది వాలంటీర్లు. ఇప్పుడు వాళ్ల మీద ఏఐతో ఉత్పత్తి చేసిన తప్పుడు సెక్యూరిటీ రిపోర్టుల భారం కూడా పడింది. నెట్‌లో డేటా తెచ్చి పంపే కర్ల్ ప్రోగ్రాం రచయిత డేనియల్ స్టెన్‌బర్గ్ ఈ విషయమై బహిరంగంగానే మొత్తుకుంటున్నారు. మన దేశంలో షేర్ల బ్రోకర్ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏటా పది లక్షల డాలర్లు ఇస్తామని ఒక నిధి పెట్టడం మంచి మొదలు. మిగతా కంపెనీలు ఆ దారి పట్టాలి.

చట్టం వైపు కూడా కొంచెం చూసుకోవాలి, ఎందుకంటే సీనియర్లు తరచుగా పట్టించుకోనిది ఇదే. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి మొదటి హక్కుదారు యజమానే. కాబట్టి పైన చెప్పిన రెండు వరుసల సవరణ పంపేముందు మేనేజర్ నుంచి ఒక ఈమెయిల్ తీసుకోవడం తెలివి. చాలా ఆఫర్ లెటర్లలో ఖాళీ సమయంలో రాసినదాని మీద కూడా షరతులుంటాయి, సంతకం పెట్టేటప్పుడు ప్యాకేజీ అంకె తప్ప ఎవరూ చదవరు. కొన్ని ప్రాజెక్టులు కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం అడుగుతాయి. లినక్స్ కెర్నల్ 2004 నుంచి, ఈ కోడ్ ఇచ్చే హక్కు తమకుందని ప్రతి ప్యాచ్ కింద పేరుతో రాసిచ్చే పద్ధతి పెట్టుకుంది. లైసెన్సులు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2024 మార్చిలో, క్యాష్‌కు వాడే రెడిస్ సాఫ్ట్‌వేర్ తన లైసెన్స్ మార్చగానే దాని పాత కోడ్ నుంచి వాల్కీ అనే శాఖ పుట్టింది, చాలా కంపెనీల్లో ఏది వాడాలన్న నిర్ణయం బ్యాక్‌ఎండ్ సీనియర్ల ముందుకే వచ్చింది.

ఇంకొక మాట. ఖాళీ సమయం అందరికీ ఒకేలా ఉండదు. బెంగళూరు ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోగొట్టుకునే మనిషి, ఇంటికొచ్చి వంట, పిల్లల చదువు చూసుకునే మహిళా ఇంజనీర్ శనివారాలు కోడ్ రాయలేదంటే ప్రతిభ లేనట్టు కాదు. ఆఫీసు వేళల్లోనే తాము వాడే లైబ్రరీలకు సవరణలు పంపనిచ్చే కంపెనీని ఎంచుకోవడం, ఉన్న కంపెనీని అందుకు ఒప్పించడం, ఇవి కూడా సీనియర్ చేయాల్సిన పనులే. ఓపెన్ సోర్స్ ప్రొఫైల్ తప్పనిసరి అనే ఉద్యోగ ప్రకటనలు ఈ తేడాను గమనించవు.

పని కోసం వెతుక్కునేవాళ్లకు మన ఇంటి ముందే ఒకటి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో వాక్యాల్లో పదాలు వెతికే సదుపాయం ఉంది. అది ప్రత్యయాలను తీసేసి మూలపదాన్ని పట్టుకుంటుంది. స్నోబాల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నుంచి వచ్చిన భాషల జాబితాలో హిందీ, తమిళం, నేపాలీ ఉన్నాయి. 17వ వెర్షన్ దాకా తెలుగు లేదు. అంటే ఒక తెలుగు వార్తల సైటు ఆ డేటాబేస్ మీద నడుస్తుంటే, 'అనంతపురం' అని వెతికినవాళ్లకు 'అనంతపురంలో', 'అనంతపురానికి' అని ఉన్న వార్తలు అందుబాటులో ఉన్న సాధనంతో దొరకవు. రెండోదైతే మరీ చిక్కు, చివరి సున్న పోయి దీర్ఘం వచ్చేసింది. ఈ మార్పులకు నియమాలు రాయడానికి తెలుగు తెలియాలి, ఏ నియమం ఎక్కువ పదాలను కలిపేసి తప్పు ఫలితాలిస్తుందో కొలవడానికి బ్యాక్‌ఎండ్ అనుభవం కావాలి. లూసీన్ సెర్చ్ లైబ్రరీ 9వ శ్రేణిలో తెలుగు విశ్లేషణ ఇప్పటికే ఉంది కాబట్టి పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారమూ ఉంది.

స్నోబాల్‌కు కొత్త భాష చేర్చాలంటే నియమాల ఫైలుతో పాటు నమూనా పదాల జాబితా, వాటికి రావలసిన జవాబుల జాబితా ఇవ్వాలి. కడపలో ఉన్నప్పుడు పండితులను కూర్చోబెట్టి పనిచేసిన సి.పి. బ్రౌన్ నిఘంటువుకు కాపీరైట్ చిక్కులేదు, కానీ అందులో ఉండేవి మూలపదాలు. విభక్తులతో వాడిన పదాలు కావాలంటే నడిచే రచనలు కావాలి. తెలుగు వికీపీడియాలో అవి కొల్లలుగా ఉన్నా, దాని లైసెన్స్ తీసుకున్నవాటిని అదే షరతుతో పంచాలంటుంది. స్నోబాల్‌ది అలాంటి షరతు లేని బీఎస్‌డీ లైసెన్స్. పదాల జాబితాకు ఆ షరతు వర్తిస్తుందా లేదా అన్నది కోడ్ మొదలుపెట్టకముందే ప్రాజెక్టు వాళ్లను అడిగి తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న.